పిల్లలు పుట్టాక మన దుస్తులు, మన తీరు: ఒక దర్జీ చెప్పే అపోహలు - వాస్తవాలు

కొత్త బట్టలు కుట్టడం కంటే ఉన్న బట్టలను సరిచేయడమే నా పనిలో ఎక్కువ భాగం. ఆ పని మీద వచ్చేవారిలో చిన్నపిల్లల తల్లులు చాలామంది ఉంటారు. సంచీ నిండా బట్టలు తెచ్చి బల్ల మీద పెడతారు. "నాకు ఇప్పుడు ఏదీ నప్పడం లేదు", "ఒళ్లు పాడైపోయింది", "బరువు తగ్గాక చూద్దామని అన్నీ దాచాను" అంటారు. ఆ మాటలు విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. నప్పనిది మనిషి కాదు, బట్ట. బట్టకు లోపల కుట్లుంటాయి, వాటిని విప్పవచ్చు. ఈ ఒక్క విషయం నమ్మితే ఖర్చు సగం తగ్గుతుంది. అడ్డుపడే నమ్మకాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: బరువు తగ్గితే పాత బట్టలన్నీ మళ్లీ సరిపోతాయి.

బరువు వేరు, ఆకారం వేరు. గర్భంతో ఉన్నప్పుడు పక్కటెముకల గూడు కింది భాగం వెడల్పవుతుంది. కాన్పు తర్వాత అది చాలావరకు దగ్గరకు వస్తుంది కానీ, కొందరిలో పూర్తిగా వెనక్కి రాదు. పొట్ట కండరాలు మధ్యగీత దగ్గర విడిపోతాయి. అవి మళ్లీ దగ్గరపడటానికి నెలలు పడుతుంది, కొందరిలో కొంత ఎడం మిగిలిపోతుంది. పాదాల వంపు కిందికి దిగి, పాదం కొద్దిగా పొడవు కావడం కూడా ఉంది. ముఖ్యంగా మొదటి కాన్పు తర్వాత ఈ మార్పు శాశ్వతంగా ఉండిపోవచ్చు. అందుకే తూకంలో పాత అంకె కనిపించినా పాత చొక్కా గుండీ దగ్గర లాగుతుంది, పాత చెప్పులు కరుస్తాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు.

చేయవలసిన మొదటి పని కొత్త కొలతలు తీసుకోవడం. ఛాతీ, ఛాతీ కింద, నడుము, పిరుదుల దగ్గర అన్నిటికంటే వెడల్పైన చోటు, భుజం నుంచి భుజానికి, పై చెయ్యి, భుజం నుంచి నడుము వరకు పొడవు చూసుకోవాలి. పల్చని బట్ట మీద, ఊపిరి మామూలుగా వదిలి, టేపును నేలకు సమాంతరంగా పట్టుకోవాలి. పొట్ట లోపలికి పీల్చి తీసిన కొలత ఎవరికీ పనికిరాదు. పాలిచ్చే తల్లులు ఛాతీ కొలతను పాలివ్వడానికి ముందు తీసుకోవాలి. నిండుగా ఉన్నప్పుడు పట్టిన బట్టే రోజంతా పడుతుంది. గర్భాశయం దాదాపు పూర్వపు పరిమాణానికి చేరడానికే సుమారు 6 వారాలు పడుతుంది. మిగతా ఒంటికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. తొలి నెలల్లో గుడ్డ కత్తిరించే మార్పులు ఏవీ చేయించకండి. కుట్టు మాత్రమే మార్చి, మిగిలిన గుడ్డను లోపలే ఉంచమని చెప్పండి.

లోపలి చీటీ మీద ఉన్న సైజును చూసి బాధపడకండి. కంపెనీలన్నీ ఒకే కొలత పాటించాలన్న నియమమేమీ లేదు. ఒకరి 'ఎం', ఇంకొకరి 'ఎల్' ఒకే కొలతలో ఉండటం నేను తరచూ చూస్తాను.

అపోహ: బిగుతైపోయిన బట్టను ఎవరికైనా ఇచ్చేయడమే దారి.

ముందు దాన్ని తిరగేసి చూడండి. కుట్టు గీతకు అవతల మిగిలి ఉన్న గుడ్డను మేము మార్జిన్ అంటాం. మీ అదృష్టం అక్కడే ఉంది. ఒక్కో పక్క కుట్టులో ముందు ముక్క, వెనుక ముక్క కలుస్తాయి. అలాంటి కుట్లు రెండు పక్కలా రెండు. అంటే మొత్తం నాలుగు అంచులు. కొలతలిచ్చి కుట్టించుకున్న బట్టలో 2.5 సెంటీమీటర్ల మార్జిన్ ఉంటే, 1 సెంటీమీటరు కుట్టు గట్టిదనం కోసం వదిలి మిగతా 1.5 సెంటీమీటర్లు వాడుకోవచ్చు. నాలుగు అంచులకు కలిపి 6 సెంటీమీటర్ల వదులు వస్తుంది. పదిలంగా దాచిన పాత బట్టలు చాలావరకు ఇంత వదులుతోనే మళ్లీ ఒంటి మీదికి వస్తాయి. రెడీమేడ్‌లో మార్జిన్ తరచుగా 1 సెంటీమీటరే ఉంటుంది కనుక 2 సెంటీమీటర్లకు మించి ఆశపెట్టుకోకూడదు. అక్కడ పక్కలకు వేరే గుడ్డ పట్టీ వేయడమే మంచిది. ఆ పట్టీని దాచాలని ప్రయత్నిస్తే అతుకులా కనిపిస్తుంది. ధైర్యంగా వేరే రంగులో, పై నుంచి కింది దాకా వేస్తే కొత్త డిజైను అవుతుంది.

చంక దగ్గర పట్టేస్తే కింద చిన్న నలుచదరపు ముక్క అతికితే చాలు, చెయ్యి హాయిగా లేస్తుంది. ప్యాంటు నడుము దగ్గర బిగుతైతే వెనుక మధ్య కుట్టు విప్పి చూడాలి. అక్కడ మార్జిన్ ఎక్కువగా వదిలే అలవాటు ఉంది.

చాలామందికి తెలియని మార్పు ఒకటుంది. ఛాతీకి ఆకారం ఇవ్వడానికి గుడ్డను మొనదేలేలా మడిచి వేసే కుట్టును డార్ట్ అంటాం. దాని మొన ఛాతీ మధ్య బిందువు వైపు చూపాలి, దానికి 2-3 సెంటీమీటర్ల ముందే ఆగాలి. పిల్లలు పుట్టాక ఆ బిందువు కొంచెం కిందికి దిగడం మామూలే. డార్ట్ మాత్రం పాత ఎత్తులోనే ఉంటే బట్ట పైన ఉబ్బి, కింద లాగి, ఏదో తేడాగా కనిపిస్తుంది. అద్దం ముందు నిలబడిన మనిషి ఆ తేడాను తన ఒంటి మీదికి తోసుకుంటుంది. ఆ డార్ట్‌ను విప్పి 2 సెంటీమీటర్లు కిందికి దించితే అదే చొక్కా కొత్తగా కుట్టినట్టు కూర్చుంటుంది. నా పనిలో ఇంత తక్కువ శ్రమకు ఇంత సంతోషం ఇచ్చేది మరొకటి లేదు.

అన్నీ సాధ్యమని చెప్పను. భుజం వెడల్పు మార్చడం అంటే బట్ట చేతులు మొత్తం విప్పి మళ్లీ కుట్టడమే. ఖర్చుకు తగిన ఫలితం అరుదుగా వస్తుంది. పట్టు, చిక్కగా నేసిన పల్చని గుడ్డలు విప్పితే పాత సూది రంధ్రాలు కనిపించవచ్చు. బాగా వెలిసిన బట్టలో మార్జిన్ మాత్రం పాత రంగులోనే ఉండి గీతలా బయటపడుతుంది. కాబట్టి ముందు ఒక మూల నాలుగు వేళ్ల పొడవు విప్పించి చూడండి, ఆ తర్వాతే మొత్తం ఒప్పుకోండి.

అపోహ: ఇక నలుపే వేసుకోవాలి, అడ్డచారలు మానేయాలి.

అడ్డచారలు లావుగా చూపిస్తాయన్నది తరతరాలుగా వింటున్నదే. అయితే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1867 నాటికే దీనికి విరుద్ధమైన విషయం రాశారు. అడ్డగీతలతో నింపిన చతురస్రం ఉన్నదానికంటే ఎత్తుగా, సన్నగా కనిపిస్తుందని ఆయన గమనించారు. 2011లో బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మనుషుల బొమ్మల మీద చారలు పెట్టి పరీక్షించారు. అడ్డచారలు లావుగా చూపిస్తాయన్న నమ్మకానికి అందులో ఆధారం దొరకలేదు. చారలు ఇష్టమైతే వేసుకోండి. చారల కంటే చొక్కా అంచు ఎక్కడ ఆగుతోందన్నదే నా దృష్టిలో ముఖ్యం. ఒంటిలో అన్నిటికంటే వెడల్పైన చోట అంచు ఆగితే చూపు అక్కడే నిలుస్తుంది. దానికి కాస్త పైన గానీ కింద గానీ ఆపితే మొత్తం ఆకృతి మారిపోతుంది. అంచు మార్చడం అన్నిటికంటే చవకైన పని కూడా.

నలుపు ఒంటి వంపుల నీడలను కప్పేస్తుందన్న మాట నిజమే. కానీ పసిపిల్లను ఎత్తుకునే భుజం మీద పాల మరకా, చొంగా తెల్లగా తేలేది కూడా నలుపు మీదే. ముదురు రంగుల్లో చిన్న చిన్న పూలో, గళ్లో ఉన్న బట్ట ఆ మరకలను దాచినంతగా సాదా నలుపు దాచదు.

అపోహ: పిల్లలు పెద్దయ్యేదాకా మంచి బట్టలు కట్టుకోవడం దండగ.

దీన్ని నేను అసలు ఒప్పుకోను. బీరువాలో దాచిన బట్ట మడతల దగ్గర బలహీనపడుతుంది, ఎలాస్టిక్ వాడకపోయినా సాగిపోతుంది. వాడితే కనీసం మీకు ఆనందం మిగులుతుంది. ఉతుక్కోవడానికి వీలైనవి ఎంచుకుంటే చాలు. పాల మరకలో ప్రొటీన్ ఉంటుంది కనుక వేడినీళ్లు పోస్తే అది గుడ్డకు పట్టుకుపోతుంది. ముందు చల్లని నీళ్లలో నానబెట్టి, ఆ తర్వాత ఎంజైములున్న పొడితో ఉతకాలి. పట్టు, ఉన్ని కూడా ప్రొటీన్ పోగులే కాబట్టి వాటికి ఆ పొడి వాడకూడదు.

మరక వదలని నూలు బట్టకు ముదురు రంగు అద్దించవచ్చు. నూలు, నార, విస్కోస్ రంగును బాగా పీల్చుకుంటాయి. పాలిస్టరు గుడ్డకు మామూలు రంగులు అంటవు. నూలు బట్ట అయినా కుట్టిన దారం పాలిస్టరుదైతే అది పాత రంగులోనే మిగిలి కుట్లు విడిగా కనిపిస్తాయి. రంగు వేయించే ముందు ఇది తెలిసి ఉండాలి.

అపోహ: నా తీరు నాకు గుర్తులేదు, అన్నీ కొత్తగా కొనుక్కోవాలి.

ఇష్టాలు ఎక్కడికీ పోవు. ఏళ్ల తరబడి దొరికింది వేసుకుని పరుగెత్తడం వల్ల వాటిని అడిగేవారు లేకపోయారు, అంతే. పాత ఫొటోలు తీసి, మీకు మీరు నచ్చిన వాటిని పక్కన పెట్టండి. అప్పటి నడుమును చూడకండి. మెడ ఏ ఆకారంలో ఉంది, చేతులు ఎంత పొడవు, ఏ రంగులు మళ్లీ మళ్లీ వచ్చాయి, గుడ్డ జారేదా, నిలిచేదా అని చూడండి. ఇవన్నీ ఏ కొలతలోనైనా కుట్టగలిగినవి. పడవ మెడ (బోట్ నెక్) మీకు ఇష్టమైతే ఇప్పుడూ అదే ఇష్టం, కొత్త ఛాతీ కొలతతో కుట్టుకుంటే సరి. ఇష్టం నిజంగా మారి ఉంటే అదీ ఫొటోల్లోనే తెలిసిపోతుంది. పాతదాన్ని బలవంతంగా తెచ్చుకోనక్కర్లేదు.

కొనవలసింది ఏదైనా ఉంటే లెక్క వేసి కొనండి. ఒకదానితో ఒకటి కలిసే నాలుగు పైవి, మూడు కిందివి ఉంటే 12 జతలవుతాయి. ఇంకో పైది కొంటే 15, ఇంకో కిందిది కొంటే 16. మన చేయి మాత్రం ఎప్పుడూ పైవాటి మీదికే పోతుంది. ఉన్న మూడింటితో కలవని కొత్త చొక్కా ఎంత చవకైనా ఖరీదైనదే.

లోదుస్తుల దగ్గర మాత్రం పొదుపు వద్దు. సాగిపోయిన బ్రా మీద ఎంత మంచి చొక్కా అయినా కుదరదు. పాలు మాన్పించాక కొన్ని వారాలు ఆగి, మళ్లీ కొలిచి కొనుక్కోవాలి.

అపోహ: వాడిన బట్టలు కొంటే ఎప్పుడూ ఆదాయే.

చూసి కొంటేనే. ముందు భుజాలు సరిపోవాలి, ఎందుకంటే సరిచేయడం అన్నిటికంటే కష్టమైనది అదే. నడుమూ, పొడవూ తర్వాత చూసుకోవచ్చు. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పల్చబడిన చోట్లు తెలుస్తాయి. చంకలు, కాలరు లోపలి అంచు, తొడల మధ్య భాగం, జిప్పు చూడాలి. సాగే గుడ్డను కాస్త లాగి వదిలితే వెంటనే దగ్గరకు రావాలి. రాకపోతే లోపలి సాగే పోగు చచ్చిపోయినట్టే, దాన్ని ఏ దర్జీ బతికించలేరు. బట్ట ధరకు సరిచేసే కూలిని కూడా కలిపి చూడండి. అప్పటికీ చవకగానే ఉంటే తీసుకోండి.

దర్జీ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ బట్ట కింద వేసుకునే లోదుస్తులే వేసుకుని, దానితో తొడిగే చెప్పులే తొడుక్కుని వెళ్లండి. వీలైతే పిల్లను కూడా తీసుకువెళ్లండి. పిన్నులు పెట్టాక అద్దం ముందు నిటారుగా నిలబడి సరే అనేయకండి. వంగి పిల్లను ఎత్తుకోండి, నేల మీద కూర్చుని లేవండి, రెండు చేతులూ పైకెత్తండి. వంగినప్పుడు మెడ జారుతోందా, లేచినప్పుడు వెనుక బట్ట పైకి ఎక్కుతోందా, చంక లాగుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. లాగిన చోటు చూపించండి, పిన్ను అక్కడికి జరపమని అడగండి.