మీడియం అంటే రంగు లేని రంగే: యాక్రిలిక్ మీడియంల మీద అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో చాలా ఏళ్లు షాపుల బోర్డులు రాశాను. ఎనామిల్, టర్పెంటైన్, లప్పం, ఇవే నా సామాను. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని తగ్గాక కాన్వాస్ మీద యాక్రిలిక్ పట్టాను. ఇప్పుడు అదే నేర్పిస్తున్నాను. క్లాసుకు వచ్చేవాళ్లు నన్ను అడిగే వాటిలో సగం ప్రశ్నలు మీడియంల గురించే. డబ్బాలు చూస్తే ఖరీదు, పేర్లు చూస్తే పదిహేను రకాలు. వీడియోలో ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు దానికి అడ్డంగా చెబుతారు. నెల రోజులు కష్టపడి వేసిన బొమ్మ మీడియం తప్పు వల్ల పాడైతే ఆ బాధ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు అసలు విషయం. యాక్రిలిక్ రంగులో ముఖ్యంగా ఉండేవి మూడు: రంగు పొడి, నీళ్లు, జిగురు. ఆ జిగురు అంటే నీళ్లలో తేలుతుండే చాలా సన్నని ప్లాస్టిక్ రేణువులు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ అవి దగ్గరకు జరిగి, ఒకదానికొకటి అతుక్కుని, సాగే గుణం ఉన్న ఒకే పొరగా మారతాయి. ఆ తర్వాత నీళ్లు పోసినా కరగదు. ఇదే జిగురును రంగు పొడి లేకుండా డబ్బాలో పోసి అమ్మితే దాని పేరు మీడియం. దాన్ని చిక్కగా చేస్తే జెల్. అందులో పాలరాతి పొడి లాంటిది కలిపితే మోడలింగ్ పేస్ట్. ఏ డబ్బా చేతిలోకి తీసుకున్నా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇందులో ఉన్నది నా రంగులో ఉన్న జిగురేనా, కాదా?

మన ప్రాంతానికి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పాత వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లిన చేర్యాలలో నకాషీ చిత్రకారులు పటం వేసే ముందు ఖద్దరు గుడ్డకు పూత పూస్తారు. బియ్యపు గంజి, సుద్ద మట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంక నీళ్లు కలిపి మూడుసార్లు. రంగు గుడ్డలోకి ఇంకిపోకుండా, పైన కూడా జారిపోకుండా పట్టుకునేది ఆ పూతే. డబ్బాలో దొరికే జెస్సో చేసేది కూడా అదే పని. జెస్సోను "ఇంకో తెల్ల రంగు" అనుకుని బొమ్మ మధ్యలో వెలుగులు వేయడానికి వాడేవాళ్లున్నారు. అది గరుకుగా, పీల్చేలా తయారైన పూత. వెలుగులకు టైటానియం వైట్ వాడండి.

అపోహ: నీళ్లు 30 శాతం దాటితే రంగు ఊడిపోతుంది

ఈ అంకె ఎక్కడ పుట్టిందో గానీ అందరి నోటా ఉంది. దీనికి పూర్తి వ్యతిరేకంగా, "నీళ్లుండగా మీడియం ఎందుకన్నా, పైసలు దండగ" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ సరికాదు. నీళ్లు పోస్తే రంగు పొడి, జిగురు రెండూ పల్చబడతాయి. కింద ఉన్నది జెస్సో పూసిన కాన్వాసో, మందపాటి కాగితమో అయితే అది పీల్చుకుంటుంది, కాబట్టి బాగా పల్చటి వాష్ కూడా నిలుస్తుంది. కింద ఉన్నది అప్పటికే నున్నగా ఆరిన యాక్రిలిక్ పొర అయితే నీటి రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, పై పూత వేసేటప్పుడు తడి బ్రష్‌కు లేచి వస్తుంది. అక్కడ మీడియం కావాలి. అనుమానం ఉంటే ఒక ముక్క మీద వేసి, మర్నాడు తడి తెల్లగుడ్డతో మెల్లగా తుడవండి. గుడ్డకు రంగు అంటితే జిగురు చాలలేదని అర్థం.

అపోహ: ఫెవికాల్ కలిపితే అదే మీడియం

చవక అని చాలామంది ఇటే వెళ్తారు, ముఖ్యంగా పోరింగ్ (పల్చటి రంగును కాన్వాస్ మీద నేరుగా పోసే పద్ధతి) చేసేవాళ్లు. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు కర్ర పనికి మంచిది. కానీ అది పీవీఏ అనే వేరే రకం జిగురు, యాక్రిలిక్ కాదు. తడిగా ఉన్నప్పుడు రెండూ పాలలాగే ఉంటాయి, ఆరాక రెండూ పారదర్శకంగా కనిపిస్తాయి. పొరపాటు అక్కడే జరుగుతుంది. మామూలు తెల్ల జిగురు ఆరాక కూడా తేమ తగిలితే మెత్తబడుతుంది. ఏళ్లు గడిచే కొద్దీ పచ్చబడడం, పెళుసెక్కడం కూడా ఉంటాయి. స్కూల్ ప్రాజెక్టుకైతే వాడుకోండి, నేను వద్దనను. డబ్బు తీసుకుని ఇచ్చే బొమ్మలో మాత్రం వేయకండి. కొన్నవాళ్ల గోడ మీద ఆ బొమ్మ వానాకాలాలు ఎన్నో చూడాలి.

అపోహ: టెక్స్చర్‌కు గోడ లప్పం చాలు

లప్పంతో నాది పాత స్నేహం. గోడకు అంతకు మించింది లేదు. కానీ గోడ కదలదు, కాన్వాస్ కదులుతుంది. వేలితో నొక్కితే వంగుతుంది, గాలిలో తేమ మారే కొద్దీ వదులవుతూ, బిగుసుకుంటూ ఉంటుంది. వాల్ పుట్టీలో ఉండేది తెల్ల సిమెంటు. అది గట్టిపడ్డాక సాగదు, కాబట్టి పగులుతుంది. ఆ పగుళ్లతో పాటే పైన వేసిన రంగూ రాలుతుంది. మోడలింగ్ పేస్ట్‌లో ఉన్న జిగురు కొంత సాగుతుంది కాబట్టి తట్టుకుంటుంది. అది కూడా మందంగా పెట్టాలంటే కాన్వాస్ కంటే ప్లైవుడ్ లేదా ఎండీఎఫ్ బోర్డు నయం.

పేస్ట్ ఖరీదు అనిపిస్తే జెల్ మీడియంలో కడిగి, ఎండబెట్టి, జల్లించిన సన్న ఇసుక కలపండి. వేయి స్తంభాల గుడి రాతిని వేసేటప్పుడు నేను చేసేది ఇదే. రాయి గరుకుదనం వస్తుంది, పొర కూడా విడిపోదు. ఎందుకంటే ఇసుకను పట్టుకున్నది రంగులో ఉన్న జిగురే.

అపోహ: ఎండాకాలంలో రిటార్డర్ ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది

మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం బ్రష్ ఎత్తేలోపే రంగు ఆరిపోతుంది. ఆకాశం వేస్తుంటే నీలం, తెలుపు కలవనే కలవవు, గీతలు పడతాయి. దాంతో టెన్షన్ పడి, ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్‌ను ధారగా పోసేస్తారు. ఇక్కడ నా ప్రశ్న గుర్తు తెచ్చుకోండి. రిటార్డర్‌లో జిగురు ఉండదు. అది తేమను పట్టి ఉంచే గ్లైకాల్ లాంటి ద్రవం మాత్రమే. మోతాదు మించితే రంగు రోజుల తరబడి జిడ్డుగానే ఉంటుంది, దుమ్మంతా పట్టుకుంటుంది. సాధారణంగా రంగులో 10 నుంచి 15 శాతం దాటకూడదు. మీ డబ్బా మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే అదే పాటించండి. కొత్తవాళ్లకు నేను రిటార్డర్ కంటే గ్లేజింగ్ మీడియమే చెబుతాను. అందులో ఆలస్యంగా ఆరే గుణంతో పాటు జిగురు కూడా ఉంటుంది కాబట్టి చేయి కాస్త ఎక్కువైనా పొర బలహీనపడదు.

సీసా మూత తీయకముందే చేయగలిగినవి కూడా ఉన్నాయి. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చోకండి. కూలర్ ఉంటే వేసుకోండి, గదిలో తేమ పెరుగుతుంది. అయితే దాని గాలి నేరుగా బొమ్మకు తగలకూడదు. స్టీలు పళ్లెంలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి రంగులు పెట్టుకోండి. స్ప్రేతో మధ్య మధ్యలో సన్నగా నీళ్లు చల్లండి. ఇవన్నీ చేశాక, పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు పని పెట్టుకుంటే నాకు రిటార్డర్ అవసరమే రావడం లేదు.

రంగు సాఫీగా పారడానికి వాడే ఫ్లో ఇంప్రూవర్ కూడా ఈ కోవదే. సబ్బు లాంటి గుణం ఉన్నది, జిగురు కాదు. నీళ్లలో కొన్ని చుక్కలు చాలు.

అపోహ: ముట్టుకుంటే అంటలేదంటే ఆరినట్టే

పైన చర్మం కట్టడం వేరు, లోపల ఆరడం వేరు. పల్చటి పొర నిమిషాల్లో ఆరుతుంది. జెల్‌తో మందంగా పెట్టింది వారాలు, బాగా మందమైతే నెలలు తీసుకుంటుంది. మీడియం పోసి ఫ్యాన్ కింద పెడితే పై చర్మం ముందు బిగుస్తుంది, తర్వాత లోపలిది ఆరి కుంచించుకుపోతుంటే చర్మం చీలుతుంది. పోరింగ్ బొమ్మల్లో కనిపించే లోతైన చీలికలకు ఎక్కువసార్లు కారణం ఇదే. "మీడియం నకిలీది అన్నా" అని నా దగ్గరికి తెచ్చిన వాటిలో చాలా వాటిని ఫ్యాన్ కిందే ఆరబెట్టారని అడిగితే తెలిసింది. ఒకే మందపాటి పోత కంటే మూడు పల్చటి పోతలు మంచివి.

చలికీ ఒక లెక్క ఉంది. సుమారు 9, 10 డిగ్రీల కంటే తక్కువలో ఆ జిగురు రేణువులు సరిగా కలవవు. నీళ్లు పోతాయి గానీ పొర గట్టిగా కట్టదు. వరంగల్‌లో దీని బాధ తక్కువ. ఆదిలాబాద్ వైపు డిసెంబర్, జనవరి రాత్రుల్లో చలి ఇంతకంటే కిందికి దిగుతుంది. అక్కడివాళ్లు తడి బొమ్మను వసారాలో వదలకుండా ఇంట్లో పెట్టుకోవాలి.

అపోహ: చిక్కబడిన రంగులో కాస్త టర్పెంటైన్ కలపొచ్చు

కలపకూడదు. అది ఎనామిల్‌కూ ఆయిల్‌కూ. లిన్‌సీడ్ ఆయిల్ కూడా అంతే. ఆరిన యాక్రిలిక్ మీద ఆయిల్ రంగు వేయవచ్చు, ఆయిల్ మీద యాక్రిలిక్ వేయకూడదు.

అపోహ: గ్లాస్ (gloss, మెరిసే రకం)కూ మ్యాట్ (మెరవని రకం)కూ తేడా మెరుపు ఒక్కటే

రెండింటిలో జిగురు ఒకటే. మెరుపు చావడానికి మ్యాట్‌లో సన్నని పొడి కలుపుతారు. ఆ పొడి వెలుతురును చెదరగొడుతుంది. అందుకే ముదురు నీలం, నలుపు మీద మ్యాట్ మీడియం నాలుగు పూతలు వేస్తే పలచటి పొగమంచు పట్టినట్టు కనిపిస్తుంది. లోతైన రంగు కావాలంటే పని అంతా గ్లాస్‌తో చేసి, మెరుపు వద్దనుకుంటే చివరన మ్యాట్ వార్నిష్ ఒక్క పూత వేయండి. ఇంకొకటి, తడిగా ఉన్నప్పుడు జిగురు తెల్లగా ఉండడం వల్ల రంగు లేతగా కనిపించి ఆరాక ముదురుతుంది. మీడియం ఎక్కువ కలిపిన కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. ముఖం రంగు లాంటివి ముందు చిన్న ముక్క మీద ఆరబెట్టి చూసుకోండి.

మొదటిసారి కొనేవాళ్లు చిన్న గ్లాస్ మీడియం, చిన్న జెల్, ఈ రెండింటితో ఆరు నెలలు పని చేయవచ్చు.

అపోహ: చివర్లో గ్లాస్ మీడియం పూస్తే వార్నిష్ అయినట్టే

మీడియం బొమ్మలో భాగమైపోతుంది. దాన్ని మళ్లీ తీయలేం. మంచి వార్నిష్ పాతబడి దుమ్ము పట్టినప్పుడు తీసేసి కొత్తది వేసుకునేలా ఉంటుంది. బొమ్మకూ వార్నిష్‌కూ మధ్య ఒక అడ్డు పూత కావాలి. సాఫ్ట్ జెల్ గ్లాస్ రెండు వంతులు, నీళ్లు ఒక వంతు కలిపి వెడల్పాటి మెత్తని బ్రష్‌తో వేసి, బాగా ఆరనిచ్చి, ఆపైన వార్నిష్ వేయాలి.

మీడియం ఒక్కటే చాలదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. యాక్రిలిక్ పొర వేడికి మెత్తబడుతుంది. ఒక వేసవిలో రెండు బొమ్మలకు దేనికది బుడగల ప్లాస్టిక్ చుట్టి, ముఖాలు లోపలికి పెట్టి హైదరాబాద్‌కు బస్సులో పంపాను. ఒకటి రామప్ప గుడి మదనిక శిల్పం బొమ్మ, నలభై రోజుల పని. మీద గ్లాస్ మీడియం ఒక్కటే పూశాను. విప్పేసరికి ఆ మదనిక చెంప మీద, భుజం మీద బుడగల గుండ్రని అచ్చులు దిగి ఉన్నాయి. ఎన్ని ప్రయత్నాలు చేసినా పోలేదు, ఆ భాగాలు మళ్లీ వేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి నా బొమ్మలు ఏవీ ఒకదానికొకటి ఆనవు. ముఖం మీద ముందు సిలికాన్ పూత ఉన్న, అంటుకోని రిలీజ్ పేపర్, దాని మీద అట్ట, ప్లాస్టిక్ అన్నిటికన్నా బయట. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి బస్సుకే పంపుతాను, చేరగానే విప్పి గోడకు నిలబెట్టమని ఫోన్ చేసి చెబుతాను.