పసుపు చొక్కా లోపలి వేడి

అడవి మంటలు ఆర్పేవాళ్లకి అంత వేడి ఎక్కడిది అని అడిగితే ఎవరైనా మంటదే అంటారు, ఇదేం ప్రశ్న అని మనల్ని ఎగాదిగా చూస్తారు కూడా. అమెరికాలో వాళ్ల బట్టల గురించిన ఆలోచన కూడా చాలా ఏళ్లు ఈ లెక్క మీదే నడిచింది.

మొదట్లో వేసుకున్నవి మామూలు నూలు చొక్కాలు, జీన్స్ ప్యాంట్లే. 1960ల్లో డ్యూపాంట్ అనే కంపెనీ నోమెక్స్ బట్ట తెచ్చింది. మంట తగిలితే నైలాన్‌లా కరిగి చర్మానికి అతుక్కోదు, మాడి బిరుసెక్కుతుంది. ఆ తర్వాత పసుపు చొక్కా, ఆకుపచ్చ ప్యాంటు వాళ్ల గుర్తుగా స్థిరపడిపోయాయి. కాలిన గాయాల సంగతిలో ఇది నిజంగా మేలే, కాదనలేం. కానీ ఒక పొర మంచిదైతే రెండు ఇంకా మంచివి కదా అన్న ఆలోచన కూడా వెనకే వచ్చింది, కాలిఫోర్నియాలో కొన్ని అగ్నిమాపక శాఖలవాళ్లు స్టేషన్ యూనిఫాం మీదే ఇంకో జత తొడుక్కుని కొండెక్కడం అలాంటిదే.

లెక్క తిరగబడింది ఆస్ట్రేలియాలో. 1980ల్లో 'ప్రాజెక్ట్ అక్వేరియస్' పేరుతో అసలు మంటల దగ్గరే పనిచేస్తున్నవాళ్ల గుండె వేగం, ఒంటి వేడి, చెమట కొలిచారు. తేలిందేంటంటే ఒంటి మీద పడే వేడిలో దాదాపు మూడింట రెండు వంతులు వాళ్ల కండరాలు పుట్టించిందే, మంటా ఎండా కలిసి ఇచ్చింది మిగతా ఒక వంతు. బట్ట పని వేడిని బయట ఆపడం కాదు, లోపలిదాన్ని బయటికి వదలడం అని వాళ్లు తేల్చారు.

పని చూస్తే ఇది అర్థమవుతుంది. చేతిలో పులాస్కీ, అంటే ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క గుద్దలి ఉన్న పనిముట్టు, వీపు మీద సుమారు 20 కిలోల బరువు, దాంతో గంటల తరబడి నేల గీకి మంట దాటకుండా గీత తవ్వాలి. కండరం ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతు కూడా పనిగా మారదు, మిగిలిందంతా వేడే. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోక్యాలరీల వేడి పట్టుకెళ్తుంది, అదే మోచేతి నుంచి బొట్లుబొట్లుగా కారిపోతే దండగ. రెండో పొర, బిగుతు కాలరు, మెడ చుట్టూ కప్పే గుడ్డ, ఇవన్నీ ఆ ఆవిరికి అడ్డమే. వదులు చొక్కా అయితే కదిలినప్పుడల్లా లోపలికి గాలి ఆడుతుంది.

అమెరికా ప్రమాణాల్లోకీ ఈ ఆలోచన చేరింది. ఇళ్ల మంటలకి వెళ్లేవాళ్ల సూటు చదరపు మీటరుకి కనీసం 205 వాట్ల వేడి వదిలితే చాలు, అడవి మంటల బట్టకి మాత్రం 450 కావాలి. తేడా రెట్టింపు పైనే.

అయినా బట్ట ఒక్కటే తీర్చే సమస్య కాదిది. 2011లో మోంటానా యూనివర్సిటీవాళ్లు రాసిన ఒక కేసులో, గంటకి 840 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు తాగుతూనే మంటలార్పుతున్న ఒకాయన ఒంటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది, ఆ వేడికి తట్టుకోలేకపోయాడు. అదే ఏడాది జులైలో టెక్సాస్‌లో మంటలార్పే కుర్రాడు ఒకడు చనిపోయాడు, మంటల్లో చిక్కుకుని కాదు, ఒంట్లో వేడి పెరిగిపోయి.