చెక్కలో ఉక్కు కుదురుకోవాలంటే

వానాకాలం రాగానే పాత ఇళ్లలో తలుపులు బిగుసుకుపోతాయి. ఎండలు ముదిరితే అవే తలుపులు వదులవుతాయి. చెక్క తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. తలుపైతే ఒక్క తోపు తోస్తే చాలు. అదే చెక్కలో రైఫిల్ కూర్చుని ఉంటే మాత్రం గురి తప్పుతుంది.

రైఫిల్‌లో తూటాను లోపల పెట్టి వెనక నుంచి మూసి ఉంచే ఉక్కు భాగాన్ని యాక్షన్ అంటారు. బ్యారెల్‌ను దానికే బిగిస్తారు. ఈ ఉక్కునంతా మోసే చెక్క స్టాక్. యాక్షన్ స్టాక్‌లో సరిగ్గా ఆనుకుని కూర్చునేలా చేసే పనే బెడ్డింగ్.

జర్మనీ 1898లో సైన్యానికి తీసుకున్న మౌజర్‌నే చూడండి. దాని యాక్షన్ కింద, ముందు వైపు, రికాయిల్ లగ్ అనే చిన్న ఉక్కు దిమ్మ ఉంటుంది. తుపాకీ వెనక్కి తన్నే దెబ్బంతా ఆ దిమ్మ వెనకున్న చెక్క మీదే పడుతుంది. వందల సార్లు కాల్చిన పాత స్టాక్‌లో అక్కడి చెక్క నలిగిపోయి ఉంటుంది. దాంతో యాక్షన్ కొద్దికొద్దిగా వెనక్కి జరిగి, దాని వెనక కొస, అంటే తోక, చెక్కను ఆనుకుంటుంది. ఇక ప్రతి దెబ్బకూ ఆ తోక గొడ్డలిలా పనిచేసి స్టాక్ మెడను చీలుస్తుంది. పాత స్టాక్ కొనేవాళ్లు ముందు చూడాల్సింది పైపాలిష్ కాదు, తోక వెనక సన్నని చీలిక ఉందా అని.

ఒక రైఫిల్ స్టాక్‌లో మరో రైఫిల్ యాక్షన్‌ను పెట్టి, స్క్రూలు గట్టిగా బిగిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అసలు తప్పు అక్కడే జరుగుతుంది. కింద చెక్క ఎగుడుదిగుడుగా ఉంటే, స్క్రూలు బిగించే కొద్దీ ఉక్కే వంగుతుంది. ఉక్కు వంగదని మనకో నమ్మకం. సన్నని కదలికను కొలిచే డయల్ గేజ్ పెట్టి ముందు వైపు స్క్రూ మెల్లగా వదులు చేయండి, యాక్షన్ పైకి లేవడం ముల్లు కదలికలో కనిపిస్తుంది. 0.05 మిల్లీమీటర్లు దాటి కదిలితే బెడ్డింగ్ మళ్లీ చేయాలని పనివాళ్ల లెక్క. స్కోపు ఆ యాక్షన్ మీదే ఉంటుంది కాబట్టి ఆ వంపు గురిలోకి వచ్చేస్తుంది. 20 సెంటీమీటర్ల పొడవులో 0.01 మిల్లీమీటరు వాలు వస్తే, 100 మీటర్ల దూరంలో అది 5 మిల్లీమీటర్లవుతుంది.

చెక్క ఎక్కడ ఎత్తుగా ఉందో తెలుసుకునే పాత పద్ధతి నాకు చాలా ఇష్టం. దీపం పొగకు ఉక్కును పట్టి మసి పూస్తారు. స్టాక్‌లో పెట్టి నొక్కి, నిటారుగా పైకి తీస్తారు. చెక్క మీద నల్లటి మచ్చ పడ్డ చోటే ఉక్కు తగులుతోందన్నమాట. అక్కడ మాత్రమే పదునైన ఉలితో పొట్టు లేచేంత గీస్తారు. మళ్లీ మసి, మళ్లీ గీత. మచ్చలు అడుగంతా సమానంగా పడేదాకా ఇదే వరస.

చెక్క బాగా నలిగిపోతే ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో ఆ ఖాళీ నింపుతారు. ముందుగా పాత నూనెను చెక్కలోంచి లాగేయాలి, లేకపోతే ఎపాక్సీ పట్టదు. ఉక్కు మీద మైనం పూయడం మరిచిపోతే యాక్షన్ స్టాక్‌లోనే అతుక్కుపోతుంది. రికాయిల్ లగ్ ముందు, పక్కల, అడుగున ఒక పొర టేప్ చుడతారు. గట్టిపడ్డాక టేప్ తీసేస్తే లగ్ వెనక వైపు మాత్రమే ఆనుతుంది, మిగతా వైపుల సన్నని సందు మిగులుతుంది. ఎపాక్సీ ఆరేటప్పుడు స్క్రూలు బిగించకూడదు. బిగిస్తే ఆ వంపు అచ్చులో శాశ్వతంగా ఉండిపోతుంది.

మౌజర్ ఇంజినీర్లకు చెక్క గుణం బాగా తెలుసు. వెనక స్క్రూ చుట్టూ వాళ్లు ఒక లోహపు గొట్టం పెట్టారు. చెక్క ఎంత నలిగినా స్క్రూ బిగింపు ఆ గొట్టం మీదే ఆగుతుంది. ఇవాళ పిల్లర్ బెడ్డింగ్ అంటున్నది ఆ ఆలోచనకే కొనసాగింపు. 1930ల చివర్లో జర్మన్లు పలకలు అతికించిన లామినేటెడ్ స్టాక్‌లు కూడా తెచ్చారు. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగానే ఉబ్బుతుంది. పొరలుగా అతికిస్తే ఆ కదలికలు ఒకదాన్నొకటి పట్టి ఆపుతాయి.

మన దేశంలో ఈ పని లైసెన్సున్న గన్‌స్మిత్ చేతుల్లోనే జరగాలి.

అంతా అయ్యాక బ్యారెల్ కింద కాగితం ముక్క దూర్చి, కొస నుంచి యాక్షన్ దాకా లాగి చూస్తారు. అది ఎక్కడ ఆగితే అక్కడ చెక్క ఇంకా తగులుతోంది. గరుకు కాగితంతో అక్కడ మళ్లీ రుద్దుతారు. వాన పట్టిన రోజున ఇంకోసారి లాగి చూస్తారు.