తలరాతలో ఉప్పెంత?

మొన్న క్లాసు అయ్యాక ఒక ఇంటర్ అమ్మాయి ఆగి అడిగింది. "సర్, మనుషుల్లో ఎక్కువమంది తమలో ఉన్న శక్తి మొత్తాన్ని ఎప్పటికైనా వాడుకుంటారా?" ఎక్కడో వ్యక్తిత్వ వికాసం క్లాసులో, మనం మెదడులో పది శాతమే వాడుతున్నామని చెప్పారట. అది అబద్ధం. మనం నిద్రపోతున్నప్పుడు కూడా మెదడంతా పనిచేస్తూనే ఉంటుంది. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నాకు తెలిసినంతలో, అందుకోగలిగినంత అందుకోనివాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎందరికో ఆ లోటు బద్ధకంవల్ల వచ్చింది కాదు, తల్లి కడుపులో ఉండగానే మొదలైంది. నాకు ఈ విషయంలో ఎప్పుడూ గుర్తొచ్చేది ఉప్పులో కలిపే అయోడిన్.

పెద్దవాళ్లకు అది రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షో వంతు. డెబ్భై ఏళ్లకు లెక్కేసి చూడండి, నాలుగు గ్రాములు కూడా రాదు. బంగారమైతే అర తులం కూడా కాదు. ఒక జీవితానికి సరిపడా అయోడిన్ అంతే!

అంత కొంచెం చేసే పని ఏమిటంటే, గొంతు దగ్గరున్న థైరాయిడ్ గ్రంథి దానితో థైరాక్సిన్ తయారుచేస్తుంది. ఒక్కో థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి, అందుకే టీ4 అంటారు. తల్లి రక్తంలోని టీ4 మాయ (ప్లాసెంటా) దాటి శిశువు మెదడుకు చేరాక, డీఅయోడినేజ్ అనే ఎంజైమ్ అందులోంచి ఒక పరమాణువును ఊడదీస్తుంది. మిగిలిన టీ3 కణకేంద్రకంలోకి వెళ్లి, అక్కడి గ్రాహకానికి అతుక్కుని, ఏ జన్యువు పనిచేయాలో ఏది ఆగాలో నడిపిస్తుంది. మెదడు లోతుల్లో పుట్టిన నాడీకణాలు పాక్కుంటూ పైపొరల్లో తమ చోటికి చేరాలన్నా, కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులాగా వాటికి మైలిన్ పట్టాలన్నా ఈ హార్మోన్ కావాలి. శిశువు సొంత థైరాయిడ్ సరిగ్గా పని అందుకునేది గర్భం దాదాపు సగం గడిచాకే. అప్పటిదాకా తల్లి ఇచ్చిందే ఆధారం. అందుకే గర్భిణికి అవసరం 250 మైక్రోగ్రాములకు పెరుగుతుంది. ఆ నెలల్లో తప్పిన పనిని తర్వాత ఏ ట్యూషనూ పూర్తిగా సరిదిద్దలేదు.

హిమాలయాల కింది నేలల్లో మంచు, వాన, వరదలు అయోడిన్‌ను ఎప్పుడో కడిగేశాయి. అక్కడ పండిన గింజలోనూ సరిపడా ఉండదు. అయోడిన్ దొరక్క గ్రంథి ఉబ్బి గొంతు కింద కాయలా వేలాడేది. అదే గాయిటర్. లోటు మరీ ఎక్కువైన చోట్ల పిల్లలు చెవుడుతో, మాట రాక, బుద్ధి ఎదగక పుట్టేవాళ్లు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో తన సహచరులతో హిమాలయాల కిందున్న కాంగ్రా లోయలో ఒక పరీక్ష మొదలుపెట్టారు. లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. కొన్నేళ్లకు ఆ రెండు భాగాల్లో గాయిటర్ బాగా తగ్గింది, మూడోదాంట్లో తగ్గలేదు. 1962లో దేశంలో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇంత పని చేసిన మనిషి పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు నిజంగా బాధ.

గాయిటర్ అయితే కంటికి కనపడుతుంది. కొద్దిపాటి లోటు కనపడదు. బ్రిటన్‌లో సుమారు వెయ్యిమంది తల్లీబిడ్డలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, గర్భం తొలినాళ్లలో అయోడిన్ తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఎనిమిదేళ్లప్పుడు మాటలకు సంబంధించిన ఐక్యూ, తొమ్మిదేళ్లప్పుడు చదవగలిగే నేర్పు తక్కువగా ఉండే అవకాశం ఎక్కువని తేలింది. అలాంటి పిల్లాడు మామూలుగానే బడికెళ్తాడు, మామూలుగానే పాసవుతాడు. ఇంకో నాలుగు మెట్లు ఎక్కేవాడని తల్లికీ తెలియదు, టీచరుకీ తెలియదు. "వాడింతే" అనేస్తాం. తలరాత అనేస్తాం. గ్రహణం మొర్రి భయంతో గర్భిణిని కత్తిపీట ముట్టనివ్వని ఇళ్లలో, ఉప్పు ప్యాకెట్ మీద ఏం రాసుందో కూడా చూస్తే ఎంత బాగుండు.

నౌపడా ఉప్పు మడుల దగ్గర పుట్టిపెరిగినవాళ్లు కూడా "సముద్రపు ఉప్పే కదా, అందులో అయోడిన్ లేకుండా ఎలా ఉంటుంది?" అంటారు. నీళ్లు ఇగిరి గడ్డకట్టిన ఉప్పులో అది దాదాపు మిగలదు, విడిగా కలపాల్సిందే. మన ఇంటికి చేరే అయోడైజ్డ్ ఉప్పులో కనీసం 15 పీపీఎం, అంటే గ్రాముకు 15 మైక్రోగ్రాములు ఉండాలని నియమం. ఉప్పు ఎక్కువ తినమని కాదు, తినే కాస్తా అయోడిన్ ఉన్నదై ఉండాలి. ఇప్పుడు ఫ్యాషనైన గులాబీరంగు ఉప్పులో, సైంధవ లవణంలో విడిగా కలపకపోతే అయోడిన్ దాదాపు ఉండదు.

మర్నాడు పిల్లల్ని ఇంటినుంచి చిటికెడు ఉప్పు పొట్లం కట్టి తెమ్మన్నాను. పరీక్ష కిట్‌లోని చుక్క వేయగానే చాలా పొట్లాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. కొన్ని తెల్లగానే ఉండిపోయాయి. అలాంటి పొట్లం తెచ్చిన ఒకబ్బాయి దాన్ని మళ్లీ మడుస్తూ మెల్లగా అడిగాడు. "సర్, మా అక్కకి మూడో నెల. ఇప్పుడు మారిస్తే లేటైనట్టా?"

లేదన్నాను. ఈ రోజే మార్చమన్నాను. మాత్రలు అవసరమా అన్నది సొంతంగా తేల్చుకోకుండా, అక్కని చూసే డాక్టర్నే అడగమన్నాను.