ట్రౌట్ చేప ఇంటి అడ్రస్

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో స్ప్రూస్ క్రీక్ అనే వాగు ఉంది. రాబర్ట్ బాక్‌మన్ అనే పరిశోధకుడు దాని ఒడ్డున మంచె లాంటిది వేసుకుని, పైన కూర్చుని, కింద నీళ్ళలో తిరిగే బ్రౌన్ ట్రౌట్ చేపల్ని ఏళ్ళ తరబడి చూశారు. ప్రతి చేపకీ ఒంటి మీద మచ్చలు వేరేగా ఉంటాయి. వాటిని బట్టి ఏ చేప ఏదో గుర్తుపట్టేవారు. 1984లో అచ్చయిన ఆ పరిశోధనలో నన్ను పట్టుకున్న అంకె ఒకటుంది: ఒక ట్రౌట్ తిరిగే చోటు సగటున 15.6 చదరపు మీటర్లు. అంటే పన్నెండు బై పద్నాలుగు అడుగుల గది ఎంతో అంత. ఎదిగిన చేప ఆ గదిలోనే ఉంటుంది. తిండి వేళలో ఎక్కువ భాగం ఒకటి రెండు రాళ్ళ వెనక నిలబడే గడిపేస్తుంది.

ఎందుకలా? ట్రౌట్ చల్లగా, శుభ్రంగా, గలగలా పారే నీళ్ళలో బతికే చేప. సాల్మన్‌కి దగ్గర చుట్టం. అలాంటి నీళ్ళలో ఎదురీదుతూ తిరిగితే తిన్నదంతా ఈతకే ఖర్చయిపోతుంది. అందుకని రాయి చాటున, నీటి వేగం తగ్గే చోట నిలబడుతుంది. పక్కనే పారే జోరు నీరు పురుగుల్ని మోసుకొస్తుంటే ఒక్క అడుగు పక్కకు జరిగి అందుకుని మళ్ళీ రాయి చాటుకి వచ్చేస్తుంది. వాగులో ఇలాంటి మంచి చోట్లు కొన్నే ఉంటాయి. వాటిలో మేలైనది పెద్ద చేపది. అది పోతే ఆ జాగాలోకి ఇంకో చేప వస్తుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు ఎవరో ఆ వాగుకి వెళ్ళి, మంచి చేపను పట్టి, ఫోటో తీసి, మ్యాప్‌లో చుక్క పెట్టి ఆన్‌లైన్‌లో పంచుకున్నారనుకోండి. సంతోషంతో చేసిన పనే, చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఆ చుక్క వాగుకి మాత్రమే అడ్రస్ కాదు. కదలకుండా ఒకే గదిలో ఉండే ప్రాణి ఇంటి నంబరు కూడా అదే.

దీనివల్ల జరిగేదేమిటో అర్థం కావాలంటే ఒక పాత ప్రయోగం చూడాలి. కెనడా శాస్త్రవేత్త సి. ఎస్. హోలింగ్ 1950లలో ఒక బల్ల మీద గరుకు కాగితం బిళ్ళల్ని అక్కడక్కడా గుచ్చి, ఒక సహాయకురాలికి కళ్ళకు గంతలు కట్టి, వేలితో తడుముతూ వాటిని ఏరమన్నారు. గంతలు కట్టుకున్న మనిషి వేటాడే జంతువు, బిళ్ళలు దానికి ఆహారం. వేటగాడి సమయం రెండుగా పోతుందని ఆయన లెక్కగట్టి చూపించారు. ఒకటి వెతకడానికి, రెండోది దొరికినదాన్ని పట్టి తినడానికి. బిళ్ళలు పల్చగా ఉంటే సమయమంతా వెతుకులాటకే సరిపోతుంది. 1959లో వచ్చిన ఆ సమీకరణాన్ని జీవావరణ శాస్త్రం చదివేవాళ్ళు ఈనాటికీ నేర్చుకుంటున్నారు.

చేప వైపు నుంచి చూస్తే, మనం వెతకడానికి పెట్టే సమయమే దానికి కాపలా. కొండ మీద ఎక్కడో, నడిచి వెళ్తే తప్ప చేరలేని సన్నటి వాగులో ట్రౌట్ ఉందో లేదో తెలియాలంటే ఒకప్పుడు నాలుగైదు వాగుల్లో ఊరికే తిరిగి, ఖాళీ చేతులతో వెనక్కి రావాలి. అంత ఓపిక ఉన్నవాళ్ళు కొద్దిమందే. మ్యాప్‌లో చుక్క పడగానే ఆ కాపలా పోతుంది. అంటే హోలింగ్ బల్ల దగ్గర కళ్ళ గంతలు విప్పేసినట్టే. అదీ ఒక్కరికి కాదు, ఆ పోస్టు చూసిన వాళ్ళందరికీ. ప్రకృతిలోనూ ఈ పద్ధతి ఉంది. ఒక రాబందు కిందికి దిగడం చూసి దూరాన ఎగిరే మిగతావీ అటే వస్తాయి. ఏదీ తనంతట తాను వెతకక్కర్లేదు. కాకపోతే రాబందులు వచ్చేది చచ్చిన జంతువు కోసం. తిన్నా, తినకపోయినా అది మళ్ళీ పిల్లల్ని పెట్టేది కాదు.

సరదాకి గాలం వేసేవాళ్ళు చాలామంది అడిగే మాట ఒకటుంది: "పట్టి వదిలేస్తున్నాం కదా, ఇక నష్టమేంటి?" న్యాయమైన ప్రశ్న. పెద్ద నదుల విషయంలో దీనికి మంచి జవాబే ఉంది. అమెరికాలోని ఎల్లోస్టోన్ నదిలో పట్టిన ప్రతి చేపనూ వదిలేయాల్సిన భాగం ఒకటుంటే, అక్కడి కట్‌త్రోట్ ట్రౌట్ మీద చేసిన అధ్యయనం 1986లో అచ్చయింది. ఒక్కో చేప ఒకే వేసవిలో సగటున 9.7 సార్లు గాలానికి చిక్కిందని తేలింది. ఒక్కసారి చిక్కితే చచ్చిపోయేవి 0.3 శాతమే. సీజన్ మొత్తానికి మూడు శాతం. పది సార్లు పట్టుబడి కూడా బతికి ఉందంటే ఆ చేప గట్టిదే. పట్టి వదిలే పద్ధతి వల్ల ఎన్నో నదులు నిలబడ్డాయన్నది నిజం.

కానీ అది చల్లటి, నిండుగా పారే పెద్ద నది. అక్కడ వాడేది కృత్రిమ ఎరలు. ఈకలు, దారాలతో పురుగులా కట్టిన ఎర సాధారణంగా పెదవికే గుచ్చుకుంటుంది. బతికున్న పురుగును ఎరగా పెడితే చేప లోపలికి మింగేస్తుంది, గాలం గొంతులోనో కడుపులోనో దిగుతుంది. అలా పట్టిన చేపల్లో చావులు ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక ఫోటో సంగతి. చేప మొప్పల్లో పల్చటి రేకులు వందల కొద్దీ ఉంటాయి. నీళ్ళలో విడివిడిగా తేలుతూ ఆక్సిజన్‌ను లాక్కుంటాయి. గాల్లోకి తీయగానే తడి జుట్టులా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చుట్టూ గాలి ఉన్నా చేపకి ఊపిరి ఆడదు. అప్పటికే గాలంతో పెనుగులాడి అలిసిపోయి ఉంటుంది. మనం పరుగుపందెం అయ్యాక ముక్కూ నోరూ మూసుకున్నట్టు ఉంటుంది దాని పరిస్థితి. 1992లో అచ్చయిన ఒక ప్రయోగంలో రెయిన్‌బో ట్రౌట్‌లను పూర్తిగా అలిసిపోయేదాకా తరిమారు. గాల్లోకి తీయనివాటిలో 12 శాతం చచ్చిపోయాయి. 30 సెకన్లు గాల్లో ఉంచినవాటిలో 38 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 72 శాతం పోయాయి. అది ప్రయోగశాలలో తేలిన లెక్క. వాగుల్లో చావులు ఇంతకంటే చాలా తక్కువని తర్వాతి పరిశోధనలు చూపించాయి. అయినా దెబ్బ ఎటు వైపు తగులుతుందో ఆ అంకెలు చెబుతున్నాయి. "ఒక్క నిమిషం, ఇంకోటి తీస్తా" అనే మాట చేపకి చాలా పెద్ద నిమిషం.

ఎండాకాలంలో ఇది మరీ టెన్షన్ పెట్టే విషయం. 10 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 11 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరుగుతుంది, 20 డిగ్రీల దగ్గర 9 మాత్రమే. నీరు వెచ్చబడే కొద్దీ చేప ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. అందుకే అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో నీటి వేడి మూడు రోజులు వరుసగా 73 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 23 డిగ్రీల సెల్సియస్ తాకితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా గాలం వేయొద్దని ఆంక్షలు పెడతారు. మ్యాప్‌లోని చుక్క నీటి వేడిని చెప్పదు. వసంతంలో పెట్టిన పోస్టును చూసి ఆగస్టులో వచ్చేవాళ్ళుంటారు.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. దాన్ని గాలం వేసేవాళ్ళలో కూడా చాలామంది గమనించరు. బ్రౌన్ ట్రౌట్, బ్రూక్ ట్రౌట్ శరదృతువులో గుడ్లు పెడతాయి. ఆడచేప గులకరాళ్ళ మీద ఒక పక్కకి ఒరిగి తోకతో టపటపా కొడుతుంది. రాళ్ళు లేస్తాయి, ఇసుకా బురదా ప్రవాహంలో కొట్టుకుపోతాయి, చిన్న గుంట పడుతుంది. అందులో గుడ్లు వదులుతుంది, మగచేప పక్కనే ఉండి వాటిని ఫలదీకరణం చేస్తుంది. తర్వాత ఆడచేప కాస్త ఎగువకి జరిగి మళ్ళీ తవ్వుతుంది. అక్కడ లేచిన రాళ్ళు వచ్చి ముందు గుంటను కప్పేస్తాయి. గుడ్లు చలికాలమంతా ఆ రాళ్ళ సందుల్లోనే ఉంటాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు కూడా పొట్ట కింద పచ్చసొన సంచి వేలాడేసుకుని ఇంకొన్ని వారాలు అక్కడే ఉంటాయి. పైనుంచి చూస్తే కనిపించేదల్లా నాచు పట్టిన అడుగు మధ్య శుభ్రంగా కడిగినట్టున్న లేత రంగు మచ్చ ఒకటి. నీళ్ళలో నడిచేవాళ్ళకి అది కాలు పెట్టడానికి వీలైన చోటులా అనిపిస్తుంది.

మోంటానాలో ఇద్దరు పరిశోధకులు ఇలాంటి గూళ్ళ మీద నడిస్తే ఏమవుతుందో పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. గుడ్లు పెట్టినప్పటి నుంచి పిల్లలు బయటికి వచ్చేదాకా రోజుకి రెండుసార్లు తొక్కిన చోట 96 శాతం వరకు చనిపోయాయి. గుడ్లు పగిలి పిల్లలు రావడానికి కాస్త ముందు ఒకే ఒక్కసారి తొక్కినా 43 శాతం వరకు పోయాయి. ఒక్క చేపను కూడా పట్టకుండా వెళ్ళిపోయిన మనిషి కూడా రేపటి చేపల్ని తొక్కేసి ఉండొచ్చన్నమాట. ఏడాదికి పదిమంది వచ్చే వాగులో అది అరుదు. నూటయాభై మంది వచ్చే వాగులో, అందరూ ఫోటోలో కనిపించిన అదే మడుగు దాటుతుంటే, అది ఖాయం.

లెక్క కూడా అలాగే మారుతుంది. సన్నటి వాగులో చెప్పుకోదగ్గ చేపలు అరవై ఉన్నాయనుకుందాం. పదిమంది వచ్చి తలా రెండు పడితే, మూడు చేపల్లో రెండు ఆ ఏడాది గాలం రుచి చూడనే చూడవు. నూటయాభై మంది వచ్చి తలా రెండు పడితే సగటున ఒక్కో చేప ఐదుసార్లు పట్టుబడాలి. పెద్ద నది ఓర్చుకున్నది ఎండలో సన్నగిల్లే ఈ వాగు ఓర్చుకోలేదు.

అయితే వాగు దెబ్బతింటున్నట్టు వెంటనే తెలియదు. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడే కావాలి. మంచి రాయి వెనక చేప పోగానే ఇంకోటి వచ్చి నిలబడుతుంది. ఆ రాయి దగ్గర గాలం వేసినవాళ్ళకి వచ్చే వారం కూడా చేప దొరుకుతుంది. వాగు పైనా కిందా ఖాళీ అవుతున్నా, మంచి చోట్లు మాత్రం నిండుగానే కనిపిస్తాయి. చేపల సంఖ్య పడిపోతున్నా పట్టే వేగం తగ్గకపోవడాన్ని శాస్త్రవేత్తలు హైపర్‌స్టెబిలిటీ అంటారు. "ఏం తగ్గలేదే, నిన్ననే మూడు పట్టాను" అనే మాట అబద్ధం కాదు, కానీ సాక్ష్యంగా పనికిరాదు.

దీనికి తోడు బతికున్న చేపలు జాగ్రత్తపడతాయి. న్యూజీలాండ్ మారుమూల నదుల్లో బ్రౌన్ ట్రౌట్‌ను గమనించి 2004లో రాసిన అధ్యయనం ప్రకారం, మనుషుల అలికిడి పెద్దగా ఎరగని చోట గాలం వేయడం మొదలయ్యాక చేపలు దాక్కోవడం పెరిగింది. దాక్కున్నంతసేపూ వాటికి తిండి ఉండదు. అదే 2004లో ఆ దేశపు దక్షిణ దీవిలో డిడిమో అనే, నాచు లాంటి శైవలం బయటపడింది. అది కంటికి కనిపించనంత చిన్నది. ఒక్క నీటి చుక్కలో ప్రయాణం చేసి, కొత్త వాగుకి చేరాక అడుగునున్న రాళ్ళను మందపాటి దుప్పటిలా కప్పేయగలదు. నీళ్ళలో జారకుండా వేసుకునే ఫెల్ట్ అడుగుల బూట్లు తడిని త్వరగా వదలవు. అందుకే 2008లో న్యూజీలాండ్ వాటిని నిషేధించింది. ఎక్కడెక్కడి నుంచో మనుషులు ఒకే వాగుకి వస్తున్నారంటే, ఎక్కడెక్కడి నీళ్ళో వాళ్ళ బూట్లలో వస్తున్నట్టే.

రహస్యంగా ఉంచితే చాలా మరి? అంత సులువు కాదు. 1959లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఔసేబుల్ (Au Sable) అనే నది ఒడ్డున గాలం వేసేవాళ్ళు కొందరు కూడి ట్రౌట్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ పెట్టుకున్నారు. ట్రౌట్ నదుల బాగు కోసం అది ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ నదిని ఎరిగి, ప్రేమించినవాళ్ళు ఉండబట్టే అది సాధ్యమైంది. ఎవరికీ తెలియని వాగు మీద ఆనకట్ట కడతామన్నా, పక్కన గని తవ్వుతామన్నా అడ్డుపడే మనిషి ఉండడు. పైగా హేచరీల్లో, అంటే చేపపిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రాల్లో, పెంచిన చేపల్ని వదిలే నీళ్ళ జాబితాలను ప్రభుత్వ శాఖలే ప్రకటిస్తాయి, అక్కడికి జనం రావాలనే. ఆ అడ్రస్‌లు ఎంత పంచుకున్నా నాకు అభ్యంతరం లేదు. నా దిగులంతా ఎవరూ చేపల్ని తెచ్చి పోయని, తమంతట తామే పుట్టి పెరగాల్సిన చిన్న వాగుల గురించే.

చేపల కంటే ముందే ఈ సమస్యను ఎదుర్కొన్నవాళ్ళున్నారు. చైనాలో ఒక గెకో బల్లిని 1999లో కొత్త జాతిగా వర్ణించి, అది ఉండే చోటు కూడా రాస్తే, పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టేవాళ్ళు ఆ వ్యాసం చూసి వెళ్ళి, అక్కడ ఒక్కటీ మిగలకుండా ఊడ్చేశారు. తర్వాత అదే గుంపులో కనుక్కున్న కొన్ని బల్లులకు శాస్త్రవేత్తలు చోటు పేరు రాయడం మానేశారు. ఐనాచురలిస్ట్ అనే యాప్‌లో ముప్పులో ఉన్న జీవిని ఎవరైనా నమోదు చేస్తే, అసలు చుక్క అందరికీ కనిపించదు. అక్షాంశ రేఖాంశాల్లో 0.2 డిగ్రీల గడిలో, అంటే సుమారు ఇరవై కిలోమీటర్ల పరిధిలో, ఏదో ఒక చోట చూపిస్తుంది. ఆ జీవి ఆ ప్రాంతంలో ఉందని లోకానికి తెలుస్తుంది, గుమ్మం మాత్రం తెలియదు.

ట్రౌట్‌కీ ఇది సరిపోతుందని నా నమ్మకం. పెద్ద నది పేరు చెప్పండి, ఉపనది పేరు వదిలేయండి. ఫోటోలో లొకేషన్ ఆపేసి, వెనక వంతెనో, గుర్తుపట్టగలిగే కొండో పడకుండా చేపను నీళ్ళలోనే ఉంచి తీయండి. ఎవరైనా మనసుపడి అడిగితే ఆ వాగుకి వెంటబెట్టుకుని వెళ్ళండి. శరదృతువు అయితే నీళ్ళలో దిగకముందే ఒడ్డున కాసేపు నిలబెట్టి, గులకరాళ్ళ మధ్య ఆ లేత రంగు మచ్చలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించండి.