సెన్సర్ మార్చకండి, ముందు దూరం కొలవండి

అపోహ: క్వాంటమ్ అయస్కాంత సెన్సర్ ఎంత సున్నితమైనదైతే అంత చిన్న కరెంటు కనిపిస్తుంది.

"మాది పికోటెస్లా సెన్సర్ సార్, నానోఆంపియర్ ఎందుకు దొరకట్లేదు?" నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్న ఇది. (పికోటెస్లా అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే టెస్లాలో లక్ష కోట్లవ వంతు, నానోఆంపియర్ అంటే ఆంపియర్‌లో వంద కోట్లవ వంతు.) నేను తిరిగి అడిగేది ఒక్కటే: తీగకి ఎంత దూరంలో పెట్టారు?

వాస్తవం: సెన్సర్‌కి తెలిసేది కరెంటు కాదు, దాని చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రం. పొడవాటి తీగలో 1 నానోఆంపియర్ పారితే 1 సెంటీమీటరు దూరంలో క్షేత్రం 0.02 పికోటెస్లా. 1 మిల్లీమీటరు దగ్గర 0.2. అదే 10 మైక్రోమీటర్లకి జరిపితే 20 పికోటెస్లా. పైగా కరెంటు తిరిగొచ్చే తీగ పక్కనే ఉంటే రెండు క్షేత్రాలూ చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇదంతా చూసుకోకుండా ఇంకా ఖరీదైన సెన్సర్ కొంటే డబ్బులు దండగ. వజ్రంలోని ఎన్‌వీ కేంద్రాలు (ఒక కార్బన్ చోట నైట్రోజన్, దాని పక్కనే ఒక ఖాళీ ఉండే లోపాలు, వీటినే సెన్సర్‌గా వాడతారు) గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తాయి కాబట్టి వాటిని దాదాపు చిప్‌కి ఆనించేయొచ్చు. ద్రవ హీలియంలో ఉండే స్క్విడ్ (సూపర్‌కండక్టర్‌తో చేసిన అయస్కాంత సెన్సర్) వాటికన్నా సున్నితమే, కానీ గది ఉష్ణోగ్రతలో ఉన్న వస్తువుకి, దానికి మధ్య క్రయోస్టాట్ (ఆ చలిని నిలిపి ఉంచే పాత్ర) గోడలు అడ్డం.

అపోహ: గ్రాఫ్‌లో శిఖరం వచ్చిందంటే కరెంటు దొరికినట్టే.

ఒక పరిశోధక విద్యార్థిని సంబరంగా గ్రాఫ్ తెచ్చింది. కరెంటు దిశ తిప్పి చూడమన్నాను. క్షేత్రమైతే అదీ తిరగబడాలి, కానీ సిగ్నల్ ప్లస్ నుంచి మైనస్‌కి మారలేదు! పాపం, ముఖం పాలిపోయింది. తీగ వేడెక్కడమే కారణం. వేడికి కరెంటు దిశతో పని లేదు. ఎన్‌వీ రెజొనెన్స్ (ఆ కేంద్రాలు మైక్రోవేవ్‌కి స్పందించే ఫ్రీక్వెన్సీ, గ్రాఫ్‌లో ఒక గీతలా కనిపిస్తుంది) డిగ్రీకి సుమారు 74 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. అంటే డిగ్రీలో వెయ్యోవంతు మార్పు కూడా రెండున్నర నానోటెస్లాల క్షేత్రంలా నటిస్తుంది. ఒక గీతనే కాక రెండు రెజొనెన్స్ గీతలనూ కొలవమన్నాను. వేడికి రెండూ ఒకే వైపు, క్షేత్రానికి ఎదురెదురుగా జరుగుతాయి. తేడా తీసుకుంటే వేడి పోయి క్షేత్రం మిగులుతుంది. టెన్షన్ పడాల్సిందేమీ లేదు, థీసిస్ ఆగలేదు.

బయటి క్షేత్రాలను ఆపే షీల్డ్ ఉంటే నాయిస్ ఉండదా? లోపలి వైర్ల సంగతేంటి మరి? ఇక ఈ సెన్సర్లు మనసులో మాట చదివేస్తాయనే పుకారు దయచేసి నా దగ్గరకు తేవద్దు. మెదడు బయట దొరికే 0.1 పికోటెస్లా, పదుల వేల న్యూరాన్లు ఒక్కసారిగా పనిచేస్తే వచ్చేది.

క్వాంటమ్ కాబట్టి క్యాలిబ్రేషన్ (తెలిసిన కొలతతో సరిచూసుకోవడం) అక్కర్లేదన్నది సగమే నిజం. క్షేత్రం ఒక నానోటెస్లా మారితే రెజొనెన్స్ 28 హెర్ట్జ్ జరుగుతుందన్నది ప్రకృతి ఇచ్చిన లెక్క, క్షేత్రం వరకు దాన్ని నమ్మొచ్చు. దూరంలో 10 శాతం తప్పితే మాత్రం కరెంటు కూడా 10 శాతం తప్పుతుంది.