చెరువులో దిగిన నైలాన్ బుష్ ఎందుకు పట్టేస్తుంది?

"ఏరియేటర్ షాఫ్టుకి లేత్ మీద తెల్ల బుష్ చేయించాం. బిగించిన రోజు చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది. రెండు నెలలకి పట్టేసి మోటారు కాలిపోయింది. మేస్త్రీ సైజు తప్పు తీశాడంటారా?" భీమవరం దగ్గర్లోని ఒక రొయ్యల రైతు అడిగిన ప్రశ్న ఇది. ఏరియేటర్ అంటే చెరువు నీటికి గాలి పట్టించే యంత్రం. బుష్ అంటే దాని షాఫ్టు తిరిగే బెజ్జం ఉన్న గొట్టం ముక్క.

మేస్త్రీ సైజు సరిగ్గానే తీసి ఉండొచ్చు. ఆ తెల్ల రాడ్డు నైలాన్ అయితే, అది నీళ్లు తాగింది!

ఇంటర్ కెమిస్ట్రీలో నైలాన్ అంటే మోనోమర్ల (గొలుసు కట్టే చిన్న అణువుల) పేర్లు బట్టీ పట్టిస్తాం. అది నీళ్లు తాగుతుందన్న సంగతి చెప్పం. నైలాన్ అణువులు పొడవాటి గొలుసులు. వాటిలో అక్కడక్కడా అమైడ్ గుంపులుంటాయి. పక్కపక్క గొలుసులు ఆ గుంపుల దగ్గరే హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నీటి అణువుకి కూడా అమైడ్ అంటే మహా ఇష్టం. మధ్యలోకి దూరి, పాత బంధం విడగొట్టి, తను అతుక్కుంటుంది. గొలుసులు ఎడం జరుగుతాయి, ముక్క ఉబ్బుతుంది, కాస్త మెత్తబడుతుంది. ముసురు పట్టినప్పుడు చెక్క తలుపు బిగుసుకుపోయేదీ ఇలాగే. అక్కడ నీటిని పట్టుకునేది సెల్యులోజ్.

పూర్తిగా నానితే నైలాన్ 6 అనే రకం తన బరువులో సుమారు 9 శాతం నీరు పీలుస్తుంది. ఒక్కో శాతం నీటికి కొలత పావు శాతం దాకా పెరుగుతుంది. ఉబ్బితే బెజ్జం కూడా పెద్దదవ్వాలి కదా? విడిగా ఉన్న బుష్‌కి అవుతుంది. కానీ ఇది ఇనుప హౌసింగ్‌లో, అంటే బయటి తొడుగులో, బిగించిన బుష్. బయటికి పెరిగే దారి లేదు, లోపలికే వస్తుంది. బయటి వ్యాసం 50 మిల్లీమీటర్లు, బెజ్జం 40 అనుకోండి. 4 శాతం నీరు చేరి కొలత 1 శాతం పెరిగిందంటే బెజ్జం దాదాపు 0.23 మిల్లీమీటర్లు తగ్గుతుంది. షాఫ్టుకీ బెజ్జానికీ మధ్య మీరు వదిలిన ఖాళీ (క్లియరెన్స్) 0.2 అయితే షాఫ్టు ఇంకెక్కడ తిరుగుతుంది?

రాడ్డు కొనేటప్పుడు అందరూ బలం చూస్తారు. నీటిలో తిరిగే ముక్కకి ముందు చూడాల్సింది నీటి పీల్పు. ఎసిటాల్, అంటే షాపుల్లో డెల్రిన్ అని అడిగేది, పూర్తిగా నానినా 1 శాతం లోపే తాగుతుంది. పైగా లేత్ మీద చక్కగా కోతకొస్తుంది. అయితే క్లోరిన్ దానికి పడదు. చెరువులో బ్లీచింగ్ ఎక్కువగా వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. యూహెచ్ఎండబ్ల్యూ పాలిథీన్ (చాలా పొడవాటి గొలుసులున్న పాలిథీన్) నీటిని దాదాపు ముట్టదు, జారుడు కూడా బాగా ఉంటుంది. మెత్తన కాబట్టి కచ్చితమైన సైజు నిలబెట్టడం కష్టం, ఎండకి వ్యాకోచం ఎక్కువ.

మూడూ తెల్లగానే ఉంటాయి. ఎలా పోల్చుకోవాలి? కాల్చి వాసన చూడొద్దు, ఎసిటాల్ కాలితే ఫార్మాల్డిహైడ్ వస్తుంది. ఒక చిన్న తుంపు మంచినీళ్లలో వేయండి. తేలితే పాలిథీన్. మునిగితే, ఇక కరగనంతవరకూ ఉప్పు కలిపిన నీళ్లలో వేయండి. ఆ నీటి సాంద్రత 1.2, నైలాన్‌ది 1.14, ఎసిటాల్‌ది 1.41. నైలాన్ పైకి తేలుతుంది, ఎసిటాల్ అడుక్కి పోతుంది. గాజుపీచు కలిపిన నైలాన్ మాత్రం మునిగి మోసం చేస్తుంది.

నైలాన్ ముక్కల్ని వేడినీళ్లలో నానబెట్టే మేస్త్రీలని చూసి చాదస్తం అనుకోకండి. ఎండిన నైలాన్ పెళుసు, నీరు చేరితే దెబ్బకి ఆగుతుంది. నైలానే వాడక తప్పకపోతే ముందు బాగా నాననిచ్చి, ఆ తర్వాతే బెజ్జం ఫైనల్ సైజుకి తీయించండి.